నీళ్ల తరుగు

2004 దసరా నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. గోదావరిఖని లారీల అడ్డా వెనక, నాలా పక్కన రెండు వందల గజాల కిరాయి జాగా. మూడు వందల కిలోల దాకా తూచే కాంటా. పద్దెనిమిది వేల రూపాయల నగదు. పాత సామాను కొని అమ్మడంలో పదకొండేళ్ల అనుభవం. చివరగా బిక్షం. మనుషులను ఆస్తి లెక్కలో రాయకూడదంటారు గానీ, బరువులెత్తి కాంటా మీద పెట్టే బిక్షం రాని రోజున మిగతా నాలుగూ ఉండి కూడా నాకు పైసా వచ్చేది కాదు.

అప్పటిదాకా ఇనుము, అట్టలు, సీసాలు కొన్నాను. ఆ ఏడు పాత బ్యాటరీల వైపు తిరిగాను. మా ఊళ్లో బొగ్గు లారీలకు లెక్క లేదు. గుంతల రోడ్ల మీద తిరిగే లారీ బ్యాటరీ రెండేళ్లకు మించి బతకదు. దానికి తోడు కరెంటు కోతలు పెరిగి, బొగ్గుబాయి ఉద్యోగులంతా ఇన్వర్టర్లు పెట్టించుకుంటున్నారు. అవీ ఎప్పుడో ఒకప్పుడు చావాల్సిందే. చచ్చిన బ్యాటరీలో సీసం ఉంటుంది, సీసానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

ఈ వ్యాపారంలో ఒక రివాజు ఉంది. బ్యాటరీని కాంటా ఎక్కించే ముందు బోర్లించి లోపలి యాసిడ్ ఒంపేస్తారు. మేమంతా దాన్ని నీళ్లనే అంటాం. కొనేవాడు సీసానికి డబ్బిస్తాడు గానీ నీళ్లకెందుకిస్తాడు? లారీ బ్యాటరీ ముప్ఫై కిలోలుంటే అందులో ఏడు కిలోలు నీళ్లే. ఒంపకుండా తూకం వేయమనడం తడి పత్తి తెచ్చి పొడి పత్తి ధర అడగడం లాంటిది. బిక్షం బోర్లించేవాడు, నీళ్లు నాలాలోకి పోయేవి, బ్యాటరీ కాంటా ఎక్కేది. ఎండిన బ్యాటరీలను బెల్లంపల్లి వైపు నుంచి వచ్చే ఒకతను కొనుక్కుని, ఎక్కడో తుమ్మల్లో బట్టీ పెట్టి కరిగించేవాడు. ఎక్కడని నేను అడగలేదు. కిలోకు నాలుగు రూపాయలు మిగిలేది. నెలకు నాలుగు టన్నులు తోలేవాణ్ని.

రెండేళ్లు బాగా గడిచాయి. 2006 వానాకాలం వెళ్లాక ఒక పొద్దున సదయ్య కాక వచ్చాడు. ఆయన బొగ్గుబాయిలో ముప్ఫై ఏళ్లు కోల్ ఫిల్లర్‌గా పనిచేసి దిగిపోయి, నాలాకు దిగువన అరెకరంలో ఆకుకూరలు వేసుకుంటున్నాడు. వచ్చినవాడు పలకరించకుండానే ఒక గోనె మూట తెచ్చి నా కాంటా మీద పెట్టాడు.

"తూకం వెయ్యి."

"ఏంది కాక గిది?"

"పాలకూర. నీ బ్యాటరీల నీళ్లు తాగి పెరిగింది. అంగట్ల ఎవలు ముట్టుకుంటలేరు. నువ్వే కొనాలె."

మూట విప్పి చూశాను. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. వేర్లు గోధుమ రంగులో ఉన్నాయి.

"నా ఒక్కడి నీళ్లేనా కాక? ఊరి మురికంత గీ నాలాలనే వస్తది గద."

"ఊరి మురికి ఇరవై ఏండ్ల సంది వస్తుంది. దానికి పాలకూర బలిసిందే తప్ప మాడలే. రెండేండ్ల సంది మాడుతుంది. నువ్వు బ్యాటరీలు కొనుడు పెట్టి ఎన్నేండ్లాయె?"

ఇరవై రూపాయలు తీసి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. మూట కాంటా మీదే వదిలి వెళ్లిపోయాడు. బిక్షం దాన్ని దించుతూ, "మూడు కిలోల రెండు వందలున్నది అన్నా" అన్నాడు. కాంటా మీద ఏది కనబడినా బరువు చెప్పడం వాడికి అలవాటు.

ఆ సంగతి నేను హాజిరా అక్కకు చెప్పాను. సదయ్య కాక పరువు తీశాడన్న కోపంతోనే చెప్పాను. ఆమెకు అడ్డాలో బ్యాటరీలు చార్జింగు పెట్టే దుకాణం ఉంది. భర్త ఖైజర్ పేరున్న బ్యాటరీ మెకానిక్. అతను పోయినప్పుడు దుకాణం మూతబడుతుందని అందరం అనుకున్నాం. ఆ జాగా నేను తీసుకుందామని కూడా ఒక లెక్క వేసుకున్నాను. భర్త పోయాక గడప దాటకుండా పాటించే ఇద్దత్ నెలలు గడిచిన మర్నాడే ఆమె షట్టరెత్తింది. ఇరవై ఏళ్లు భర్త పక్కన కూర్చుని చూసిన పనిని చేతుల్లోకి తీసుకుంది. ఆమె దుపట్టాకు ఎప్పుడూ యాసిడ్ చిల్లులే. నాకు నెలకు నలభై దాకా పాత బ్యాటరీలు ఆమె దగ్గరి నుంచే వచ్చేవి.

నేను చెప్పేది విని ఆమె లేచి, నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయింది. గోడ వారన మంచం పట్టేంత నేల తెల్లగా, బొల్లి వచ్చినట్టు ఉంది.

"ఖైజర్ గీడనే ఒంపేటోడు. ఆయన పోయి ఆరేండ్లాయె. పోచ గడ్డి మొలువలే. సదయ్య కాక పాలకూర నీకెందుకు తెచ్చిచ్చిండో సమజైందా తమ్మీ?"

"సమజైతే ఏం చెయ్యాలె అక్కా? ఒంపకుంటే తూకం ఎట్ల?"

"నిండ తూకం వెయ్యి. నీళ్ల తరుగు తియ్యి. మార్కెట్ల వడ్లకు తాలు తరుగు తీస్తలేరా?"

"తాలు కండ్లకు కనబడుతది. డబ్బల నీళ్లెన్నున్నయో ఎవలకెరుక?"

"నాకెరుక" అంది.

ఆమె గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. తర్వాతి పదిహేను రోజులు చార్జింగుకు వచ్చినవాటితో సహా తన దుకాణానికి వచ్చిన ప్రతి బ్యాటరీని నిండుగా తూచి, నీళ్లను ప్లాస్టిక్ క్యానులోకి వంచి, ఆ క్యానును తూచి, నీళ్లను మళ్లీ బ్యాటరీలోనే పోసింది. మూడు వందల పైచిలుకు తూకాలు. చివరికి నాకు నాలుగు అంకెలు చెప్పింది. లారీ బ్యాటరీకి ఏడు కిలోలు, ట్రాక్టరుకు ఐదు, ఇన్వర్టరుకు పద్దెనిమిది, ఆటోకు రెండు.

నిండు బ్యాటరీలను కొనేదెవరు అన్న ప్రశ్నకు కూడా ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కొత్త బ్యాటరీలు అమ్మే కంపెనీ సేల్స్ మనిషి ద్వారా హైదరాబాద్ అవతల లైసెన్సున్న ఫ్యాక్టరీ ఒకటి కనుక్కుంది. వాళ్లు నీళ్లతో సహా తీసుకుంటారు. యాసిడ్ కారినా రోడ్డు మీద పడకుండా అడుగున తొట్లు అమర్చిన సొంత లారీ పంపుతారు. రసీదు ఇస్తారు. షరతు ఒక్కటే. నెలాఖరుకు పది టన్నులు సిద్ధంగా ఉండాలి. ఒక్కసారి తక్కువైనా ఆ లారీ మళ్లీ మా ఊరి ముఖం చూడదు.

నేను మిగులు లెక్క వేశాను. కిలోకు రెండు రూపాయల నలభై పైసలు.

"నాలుగు రూపాయలు మిగిలే పని ఇడిసిపెట్టి గిది ఎందుకు చెయ్యాలె అక్కా?"

"నాలుగు టన్నులకు నాలుగు రూపాయల లెక్కన పదహారు వేలు. పది టన్నులకు రెండు నలభై లెక్కన ఇరవై నాలుగు వేలు. ఏది పెద్దది?"

"పది టన్నులు యాడికెళ్లి వస్తయి?"

"కాగితం ఇస్తే వస్తయి. బ్యాంకోళ్లు, పెద్ద ట్రాన్స్‌పోర్టోళ్లు పాత బ్యాటరీలు గోదాముల్ల పడేసి కూసున్నరు. పాత బ్యాటరీ లైసెన్సున్నోళ్లకే అమ్మాలని కానూన్ వచ్చి ఐదేండ్లాయె. వాళ్లకు రసీదు కావాలె, ఇచ్చెటోడు లేడు. నువ్వియ్యి. నాకు నాలుగో వంతు."

పుణ్యం మాట ఎత్తి ఉంటే నేను తప్పించుకుని ఉండేవాణ్ని. ఆమె నా భాషలో మాట్లాడింది. అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

జాగాకు సిమెంటు చేయించాం. నేలకు వాలు పెట్టి, కారిన యాసిడ్ అంతా ఒక మూల సున్నం గుంతలోకి చేరేలా కట్టించాం. ప్లాస్టిక్ తొట్లు కొన్నాం. నలభై రెండు వేలు ఖర్చయింది. నా దగ్గర అంతకు మించి లేదు. బెల్లంపల్లి అతనికి ఇక ఇవ్వనని చెప్పేశాను. మర్నాడే అతను అడ్డాకు అటు వైపు నాలాగే పాత సామాను కొనే పోశం దగ్గరికి మారిపోయాడు. అంటే, నెలాఖరు లారీ రాకపోతే నాకు కొనేవాడే లేడు. జాగా కిరాయి కట్టడానికి మళ్లీ అట్టలు ఏరుకోవాల్సిందే.

గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాం. పైన 'ఒంపవద్దు', కింద నాలుగు అంకెలు. 2007 జనవరిలో పది టన్నుల రెండు వందలు వెళ్లింది. బ్యాంకు బ్యాటరీలు వచ్చాయి, ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ మెకానిక్ ముత్యం నలభై పంపాడు. హాజిరా అక్క చెప్పిన ఇరవై నాలుగు వేలకు ఐదు వందలు ఎక్కువే వచ్చింది.

ఫిబ్రవరి రెండో వారంలో నేను పన్ను కాగితాల పని మీద పెద్దపల్లి వెళ్లాను. ఆ పొద్దున ముత్యం డ్రైవరుతో పందొమ్మిది లారీ బ్యాటరీలు పంపాడు. జాగాలో బిక్షం ఒక్కడే ఉన్నాడు. బ్యాటరీ కనబడగానే బోర్లించడం వాడి చేతులకు రెండున్నరేళ్ల అలవాటు. గంటలో పందొమ్మిదీ నాలాలోకి ఒంపేశాడు. కాంటా ఎక్కించి బరువు చెప్పాడు. తర్వాత గోడ మీద బోర్డు గుర్తొచ్చింది. చదువు రాదు గానీ అంకెలు నోటికి వచ్చు. లారీకి ఏడు. ఒక్కో బ్యాటరీకి ఏడు కిలోల చొప్పున నూట ముప్ఫై మూడు కిలోలు తరుగు తీసి, మిగిలిన బరువుకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పంపాడు. పాత చేతులు, కొత్త నోరు దేని పని అది చేశాయి.

సాయంత్రానికి అడ్డా అంతా నా పేరు మీద ఒకటే మాట. మొగిలి కాడ డబల్ తరుగు. నీళ్లు ఒంపి, మళ్లా నీళ్ల పేరు మీద కోస్తరు.

నేను బస్సు దిగేసరికి చాయ్ హోటల్ ముందు పోశం నిలబడి ఉన్నాడు.

"ఏం మొగిలీ, గోడ మీద లెక్కల బడి పెట్టినవట? మా కాడ ఒక్కసారే ఒంపుతం. మాకు సదువు రాదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జాగాకు పోతే బిక్షం సున్నం గుంత దగ్గర కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పి, "చేతులిరగ్గొట్టుకోవాలె అన్నా" అన్నాడు.

తర్వాతి వారం ఒక్క బ్యాటరీ రాలేదు. ముత్యం ఫోనెత్తలేదు. నెలాఖరుకు ఎనిమిది రోజులున్నాయి. జాగాలో ఉన్నది నాలుగు టన్నులు.

ఆ రోజు పోశం తనే నడిచి వచ్చాడు. కూర్చోమనక ముందే కూర్చున్నాడు. "నా కాడ ఆరు టన్నులున్నయి. ఎండినయి. బెల్లంపల్లి ఆయన ధర దించుతుండు. కిలోకు రూపాయి ఎక్కువ వేసి నువ్వే తీస్కో. నీ లారీ నిండుతది, నా సరుకు పోతది. ఫ్యాక్టరోళ్లు ఎండింది వద్దంటరా?"

వద్దనరని నాకు తెలుసు. ధర కాస్త తగ్గిస్తారు, అంతే. నా మనసులో లెక్క అప్పుడే పూర్తయింది. ఈ నెల లాభం రాదు, నష్టమూ లేదు. లారీ నిలబడుతుంది. జాగా మిగులుతుంది. రేపు చెప్తానని అతన్ని పంపి, హాజిరా అక్క దుకాణానికి నడిచాను.

ఆమె నేను చెప్పిందంతా వింది. చార్జింగు పెట్టిన బ్యాటరీల మూతలు ఒక్కొక్కటే బిగిస్తూనే ఉంది.

"తీస్కో తమ్మీ. దుకాణం నీది. నా నాలుగో వంతు నాకొద్దు. బోర్డు మీద నా లెక్క తుడిపెయ్యి."

"గంత మాటెందుకక్కా? ఒక్క నెల."

"నువ్వు రూపాయి ఎక్కువ పెట్టి ఒంపినయి కొంటే, రేపటి సంది అడ్డంత ఒంపుకొనే తెస్తది. ఒంపుమని నువ్వే పైసలిచ్చినట్టైతది. మళ్ల గా బోర్డు ఎందుకు?"

అదీ లెక్కే. నాకు తట్టలేదు. వ్యాపారంలో ఒక నెల చూసేవాడికీ ఏడాది చూసేవాడికీ ఉన్న తేడా నాకు ఆ నిమిషంలో తెలిసింది.

"అయితే బిక్షంను తీసేస్త. తప్పు వాడిదని అందరికీ తెలుస్తది."

"వాణ్ని ఎల్లగొడితే నా లెక్క నిజమని ఎవరన్న నమ్ముతరా? అడ్డోళ్ల అనుమానం బిక్షం మీద కాదు, బోర్డు మీద. రేపు పది గంటలకు నీ కాంటా ఎత్తుకొచ్చి నా దుకాణం ముందర పెట్టు. బిక్షమే తేవాలె."

మర్నాడు కాంటా అడ్డా నడిమధ్యకు వచ్చింది. డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు, మొదటి షిఫ్టు డ్యూటీ ఎగ్గొట్టిన ఇద్దరు బాయి కార్మికులు, మొత్తం డెబ్బై మంది దాకా పోగయ్యారు. హాజిరా అక్క ఒక పాత టైరు మీద కూర్చుంది. చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. పక్కన ఖాళీ క్యాను, గరాటు. వెనక దుకాణం మెట్టు మీద సీలు తీయని కొత్త లారీ బ్యాటరీ.

"ఎవలన్న, ఏ పాత బ్యాటరన్న తెండ్రి" అంది. "నీళ్లెన్ని కిలోలో ఒంపకముందే చెప్త. అర కిలో అటో ఇటో తప్పితే గా కొత్త బ్యాటరీ వాళ్లదే."

ఆ కొత్త బ్యాటరీ ధర ఆమెకు నెల సంపాదన.

మొదట ఒక డ్రైవరు తన లారీ నుంచి దింపిన బ్యాటరీ తెచ్చాడు. ఆమె అంచు పట్టి కొంచెం లేపి దించింది. "ఏడు." బిక్షం నిండుగా తూచాడు. నీళ్లు గరాటు గుండా క్యానులోకి వంచారు. క్యాను తూగింది. ఖాళీ క్యాను బరువు తీసేస్తే ఆరు కిలోల తొమ్మిది వందలు.

"బోర్డు మీదున్నదే చెప్పింది. గది మేము కూడ చెప్తం" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

రెండోది ట్రాక్టరు బ్యాటరీ. బోర్డు మీద ఐదు. ఆమె మూతలు తీసి లోపలికి చూసింది. "నాలుగున్నర" అంది. "గిది ఎవలదిరా? పోయిన ఎండకాలం సంది చుక్క నీళ్లు పొయ్యలే. బర్రెను కట్టేసి కుడితి పెట్టనట్టు జేసినవు."

"నాదే అక్కా" అని ఒకతను నసిగాడు. జనం నవ్వారు. తూకం నాలుగు కిలోల ఆరు వందలు వచ్చింది.

"బోర్డు ఐదన్నది గద, ఐదే తీస్తవా?" అని ముత్యం అడిగాడు. అప్పటిదాకా అతను వచ్చినట్టు నేను చూడలేదు.

"నాలుగున్నరే తీస్త. బోర్డు కన్న తక్కువుంటే తక్కువే తియ్యాలె. ఎక్కువ తీస్తే నువ్వు మళ్లా వస్తవా?"

అప్పుడు పోశం మనిషి గోనె సంచి కప్పిన లారీ బ్యాటరీ ఒకటి మోసుకొచ్చి దించాడు. పోశం వెనక నిలబడి చేతులు కట్టుకున్నాడు. చూడటానికి మామూలు బ్యాటరీయే. హాజిరా అక్క కుడి అంచు లేపింది, దించింది. ఎడమ అంచు లేపింది. ఈసారి వెంటనే దించలేదు. ఆరు మూతలూ తీసి ఒక్కొక్క గదిలోకీ చూసింది. రెండు మూతల దగ్గర ఆగింది. నా కళ్ల ముందు బోర్డు మీది ఏడు అంకే ఉంది.

"పోశమన్నా, గిది కిరాయిల్లు లెక్కున్నది. ఆరు గదులుంటే నాలుగిట్లనే మనుషులున్నరు. రెండు గదుల ప్లేట్లు ఎవలో పీకి అమ్ముకున్నరు. ఖాళీ జాగంత నీళ్లే. తొమ్మిదిన్నర."

"బోర్డు మీద ఏడేనాయె?" అన్నాడు పోశం.

"బోర్డు నిండు సంసారాలకు రాసిన."

అడ్డా ఘొల్లుమంది. బిక్షం క్యాను తూచాడు. రాయి పెట్టి, తీసి, చిన్న రాయి మార్చి, ముల్లు నిలిచేదాకా చూశాడు. తొమ్మిది కిలోల నాలుగు వందలు. వాడు ఆ అంకెను మూడుసార్లు అరిచాడు.

పోశం నవ్వాడు. ఓడిపోయిన వ్యాపారి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. "నీ చేతులల్ల కాంటా ఉన్నదే హాజిరమ్మా" అన్నాడు.

ఆమె అక్కడితో ఆగలేదు. లేచి నిలబడింది. "ముత్యం తమ్మీ, మొన్న నీకు రెండుసార్లు తరుగు తీసింది నిజం. నూట ముప్ఫై మూడు కిలోలు, కిలో ముప్ఫై రూపాయలు. మూడు వేల తొమ్మిది వందల తొంభై." నా వైపు చూసింది. నేను డబ్బు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని బిక్షం చేతిలో పెట్టింది. వాడు వెళ్లి ముత్యం ముందు నిలబడి, "అలవాటు జొప్పున ఒంపిన అన్నా, కావాలని కాదు" అన్నాడు. ముత్యం లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని, "నా డ్రైవరు చూసుకుంట నిలబడ్డడు గద, వానిదీ తప్పే" అన్నాడు. ఆ రోజు తర్వాత బిక్షం చేతుల మీద నాకు అనుమానం రాలేదు.

చివరి మాట ఆమె గొంతు పెంచి చెప్పింది. "నిండ తెచ్చినోళ్లకు ముప్ఫై. ఒంపుకొని తెచ్చినోళ్లకు తరుగు లేదు, కానీ ధర ఇరవై ఎనిమిదే. ఎండితే ప్లేట్ల పొడి రాలుతది, ఫ్యాక్టరోళ్లు మాకు తగ్గిస్తరు. మీ ఇష్టం. ఒంపే కష్టమూ మీదే, నష్టమూ మీదే."

ఈ చివరి రెండు రూపాయల సంగతి ఆమె నాకు ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కుదరదని ఉండేవాణ్ని. అక్కడ నిలబడి లెక్క వేస్తే సరిగ్గా కుదిరింది. ఒంపడం వల్ల అడ్డాలో ప్రతివాడికీ నష్టం వచ్చేట్టు ఆమె రెండే మాటల్లో చేసింది. నాలా గురించి, పాలకూర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నుంచే బ్యాటరీలు రావడం మొదలైంది. ముత్యం తన కంపెనీ గోదాములో పడి ఉన్న తొంభై పంపాడు. ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు వచ్చారు. రామకృష్ణాపూర్ నుంచి ఒక మెకానిక్ జీపులో వేసుకొచ్చాడు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది మధ్యాహ్నం ఫ్యాక్టరీ లారీ వచ్చింది. రెండు గంటలు ఎక్కించాం. అంతా ఎక్కాక మొత్తం కూడితే తొమ్మిది టన్నుల ఆరు వందల నలభై.

లారీ డ్రైవరు కాగితం చూసి తల ఊపాడు. "మూడు వందల అరవై తక్కువ. నేను రాసేది నేను రాస్తనన్నా. పదంటే పదే."

"గంట ఆగుతవా?"

"చాయ్ తాగేదాక ఆగుత."

నేను అడ్డా అంతా తిరిగాను. నడిచే లారీ నుంచి బ్యాటరీ పీకి ఇమ్మని ఎవరిని అడుగుతాం? తిరిగి వచ్చేసరికి డ్రైవరు రెండో చాయ్ తాగుతున్నాడు. హాజిరా అక్క తన దుకాణం మూలమూలా వెతికి ఆటో బ్యాటరీలు నాలుగు తెచ్చింది. అవి ముప్ఫై కిలోలు కూడా లేవు.

అప్పుడు అడ్డా అటు వైపు నుంచి తోపుడు బండి ఒకటి వచ్చింది. ఒక పక్క పోశం మనిషి, ఇంకో పక్క పోశం తోస్తున్నారు. బండిలో లారీ బ్యాటరీలు. బండి ఆపి పోశం చెమట తుడుచుకున్నాడు.

"పన్నెండున్నయి. నిన్న పొద్దున సంది వచ్చినయి. మూత కూడ తియ్యలే. ముప్ఫై అన్నరు గద?"

"నువ్వు బెల్లంపల్లి ఆయనకిస్తవు గద పోశమన్నా?" అన్నాను.

"ఆయన ఇరవై ఎనిమిదే ఇస్తుండు. అందుట్ల ఒంపుడు పని నాది, కాళ్ల మీద బొబ్బలు నావి. నాకేం పిచ్చా?"

హాజిరా అక్క ఒక్కొక్క బ్యాటరీ అంచూ లేపి చూసింది. పన్నెండూ నిండు సంసారాలే. బిక్షం తూచాడు. మూడు వందల డెబ్బై రెండు కిలోలు. నాలుగు ఆటో బ్యాటరీలతో కలిపితే పది టన్నులు దాటింది. డ్రైవరు కాగితం మీద పది టన్నుల నలభై అని రాసి సంతకం పెట్టాడు.

మొదటి మూడేళ్లు నెలకు ఒక లారీ వెళ్లింది. 2010 నుంచి నెలకు రెండు. 2011లో సకల జనుల సమ్మెకు అడ్డా మొత్తం ఆగిపోయినప్పుడు మూడు లారీలు రాలేదు, సమ్మె కాబట్టి ఫ్యాక్టరీ వాళ్లు షరతు పట్టించుకోలేదు. అవి తప్ప ఒక్క నెల కూడా పది టన్నులు తగ్గలేదు. సీసం ధర ఎక్కింది, దిగింది. మా మిగులు సగటున కిలోకు రెండు నలభై దగ్గరే నిలబడింది. పోశం ఇప్పుడు మా దగ్గరికే తోలతాడు, నీళ్ల తరుగు మీద నెలకోసారి హాజిరా అక్కతో పేచీ పెట్టుకుంటాడు, ప్రతిసారీ ఓడిపోతాడు. బెల్లంపల్లి అతని బట్టీ సరుకు దొరకక రెండో ఏడే ఆరిపోయింది. సదయ్య కాక సున్నం చల్లి, చెరువు మట్టి తోలించుకున్నాడు. అందులో సగం ఖర్చు నాది. పై మడులు కోలుకున్నాయి. నాలా ఒడ్డున ఉన్న రెండు మడుల్లో ఇప్పటికీ ఏదీ సరిగా రాదు. ఆ రెండూ నేను చేసిన నష్టం, ఏ లాభంతోనూ కొట్టివేయలేదు.

తెలంగాణ వచ్చిన రోజున, 2014 జూన్ రెండున, దుకాణం మూసి నేనూ హాజిరా అక్కా కూర్చుని మొత్తం కూడాం. వెళ్లిన లారీలు నూట ముప్ఫై తొమ్మిది. కిలోకు రెండు నలభై లెక్కన లాభం ముప్ఫై మూడు లక్షల ముప్ఫై ఆరు వేలు. అందులో ఎనిమిది లక్షల ముప్ఫై నాలుగు వేలు ఆమె వాటా, ఇరవై ఐదు లక్షల రెండు వేలు నాది. నాలాలో పడకుండా ఆగిన యాసిడ్, ఒక లారీకి రెండు టన్నుల మూడు వందల కిలోల లెక్కన, మూడు వందల ఇరవై టన్నులకు మూడు వందల కిలోలు తక్కువ. ఈ చివరి అంకెను నేను మూడు వందల ఇరవై అని రాశాను. ఆమె కొట్టేసి, సరిగ్గా రాయించింది.